వ్యాధులకు వైద్యుల పేర్లు

గత సంవత్సరము ఆరోగ్యశాస్త్ర పాఠము నడుచుచుండగా ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "అయ్యా, పార్కిన్‌సన్ అనునది రోగము పేరా, మనిషి పేరా?" అని మమ్ము అడిగెను. వాని తాతగారికి వైద్యులు వ్రాసి యిచ్చిన చీటిలో ఆ మాట కనబడినదట. రెండును నిజమేయని చెప్పి అప్పటికి తప్పించుకొంటిమి గాని, ఆ సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. మనిషి పేరు రోగమునకు ఎట్లు అంటుకొన్నది? అతడే పెట్టుకొనెనా, ఇతరులు పెట్టిరా? ఈ విషయమున మాకు తెలియవచ్చిన సంగతులు కొన్నింటిని ఇచ్చట పొందుపరచుచున్నాము.

మన పూర్వులు రోగములకు పేర్లు పెట్టిన తీరు వేరు. కంటికి కనబడిన చిహ్నమే వారికి పేరు. కన్నులు పచ్చబడినచో పచ్చకామెరలు, దవడ క్రింద బిళ్ళ కట్టినచో గవదబిళ్ళలు, శరీరమున ఒక పక్షము చచ్చుబడినచో పక్షవాతము. పేరు వినగానే రోగి రూపము కన్నులకు కట్టును. పాశ్చాత్య వైద్యమునందును ఇట్టి పేర్లకు కొదువ లేదు. అయినను పంతొమ్మిదవ శతాబ్దమున అచ్చట మరియొక మర్యాద ప్రబలెను. ఒక రోగమును తక్కినవాని నుండి వేరుచేసి మొదట వర్ణించిన వైద్యుని పేరుతోనే దానిని పిలువసాగిరి. కారణము తెలియని రోగమునకు కారణమును తెలుపు పేరు పెట్టజాలము. లక్షణములన్నియు చేర్చినచో పేరు బారెడగును. మనిషి పేరు ఈ చిక్కును తీర్చెను.

ఆ బాలుడు అడిగిన జేమ్స్ పార్కిన్‌సన్ లండను నగరపు వైద్యుడు. ఆయన 1817 లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, చేతుల వణకును ముందునకు వంగిన నడకయు గల ఆరుగురిని వర్ణించెను. వారిలో కొందరు ఆయన వీథిలో చూచినవారే గాని, చికిత్సకై ఆయన యొద్దకు వచ్చినవారు కారు. ఆయన తన పేరు పెట్టుకొనలేదు. వణకుతో కూడిన వాతమను అర్థము గల పేరే పెట్టెను. ఆయన గతించిన పెక్కేండ్లకు పారిసు నగరమున షార్కో అను వైద్యపండితుడు, ఈ రోగులందరికిని వణకు ఉండదనియు, బలమును అంతగా నశింపదనియు చూపి, తప్పుదోవ పట్టించు ఆ పేరునకు బదులు పార్కిన్‌సన్ పేరే మేలని పలికెను.

హాజ్‌కిన్ కథ మాకు ఇంతకన్నను ఇష్టమైనది. లండనులోని గైస్ ఆసుపత్రిలో పనిచేయుచుండిన టామస్ హాజ్‌కిన్, గ్రంథులును ప్లీహమును పెరిగి మరణించిన కొందరి సంగతిని 1832 లో ప్రకటింపగా ఎవరును పట్టించుకొనలేదు. అదే ఆసుపత్రికి చెందిన శామ్యూల్ విల్క్స్, ఇది తనకే క్రొత్తగా కనబడినదని తలచి 1856 లో ఆ రోగమును వర్ణించెను. పిదప హాజ్‌కిన్ వ్రాత ఆయన కంటబడెను. ఊరకున్నచో నేడు ఆ రోగము విల్క్స్ పేర ఉండెడిదేమో! ఆయన ఊరకుండక, 1865 లో వ్రాసిన వ్యాసమునకు శీర్షికలోనే హాజ్‌కిన్ పేరు పెట్టెను. హాజ్‌కిన్ అప్పటికి జీవించియే యుండెను.

అందరును విల్క్స్ వంటివారు కారు. ఒక వివాదమునకు మన చెన్నపట్టణమే రంగస్థలము. సెంట్రల్ స్టేషను ఎదుటనున్న పెద్దాసుపత్రిని మా విద్యార్థులలో చూడనివారుండరు. నేడు దానికి రాజీవ్ గాంధీ పేరు గలదు. 1903 ఏప్రిల్ నెలలో అచ్చటి వైద్యుడు చార్లెస్ డోనవన్, దీర్ఘజ్వరముతో ప్లీహము పెరిగి మరణించిన రోగి ప్లీహమును సూక్ష్మదర్శినిలో పరీక్షింపగా అండాకారమైన సూక్ష్మకణములు కనబడెను. ఇంతలో మే నెలాఖరున, విలియం లీష్మన్ అను సైనిక వైద్యుడు ఇంగ్లండున అట్టి కణములనే గూర్చి ప్రకటించెను. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ నుండి జ్వరముతో వచ్చి మరణించిన సైనికుని ప్లీహమున ఆయన వానిని చూచెను. అవి వేరొక క్రిమి చెడి మిగిలిన రూపములని ఆయన ఊహ. డోనవన్ జూన్ నెలలో జీవించియున్న ఒక బాలుని ప్లీహము నుండి సూదితో రక్తము తీసి, అందును ఆ కణములనే చూచెను. కావున అవి చచ్చిన పిమ్మట ఏర్పడిన వికారములు కావని తేలినది. ఇదియే కాలా అజార్ అను జ్వరమునకు మూలము.

మొదట చూచినది ఎవరను తగవు ఎడతెగలేదు. 1897 లో సికింద్రాబాదున మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్న రోనాల్డ్ రాస్, ఈ క్రొత్త క్రిమికి లీష్మానియా డోనవానీ యని పేరు పెట్టి ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టెను. ఆ పేరులో దొరలిద్దరికిని చోటు దొరకినది. సూదిపోటు సహించిన బాలునికి దొరకలేదు.

రోగములకే గాక పరీక్షలకును ఇట్టి పేర్లు గలవు. 1895 లో భీమవరమున జన్మించి, ఈ నగరముననే వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో గూడి, రక్తము మొదలగువానిలోని భాస్వరమును కొలుచు విధానమును 1925 లో ప్రకటించెను. అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతియని ప్రసిద్ధి.

పెట్టిన పేరు శాశ్వతమని తలపరాదు. ఒక విధమగు కీళ్ళవాపునకు హాన్స్ రైటర్ అను జర్మను వైద్యుని పేరుండెడిది. ఆయన నాజీ ప్రభుత్వమున ఉన్నతాధికారియై, బందీలపై జరిగిన ఘోరప్రయోగములలో భాగస్వామి యయ్యెనని తెలిసిన పిదప, వైద్యులే పూని ఆ పేరును విడిచిపెట్టిరి. క్రొత్తగా బయలుదేరు అంటురోగములకు మనుష్యుల పేర్లు గాని ఊళ్ళ పేర్లు గాని పెట్టవలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015 లో సలహా యిచ్చినది.

అయినను మనిషి పేరే రోగికి ఉపకరించిన సందర్భము ఒకటి గలదు. కుష్ఠు అను మాట మన వీథులలో నేటికిని తిట్టుగా వినబడును. నార్వే దేశమున బెర్గెన్ నగరపు వైద్యుడు హాన్సెన్ 1873 లో ఆ రోగమునకు కారణమగు క్రిమిని కనుగొనెను. అమెరికాలో కార్‌విల్ కుష్ఠాశ్రమమున రోగిగా నుండిన స్టాన్లీ స్టైన్ యను నాతడు, పాత మాటను విడిచి హాన్సెన్ వ్యాధి యని పిలువుడని తన పత్రికలో పోరాడెను. స్టాన్లీ స్టైన్ అనునది అతని అసలు పేరు కాదు. తనవారికి తలవంపులు రాకుండ కన్నవారు పెట్టిన పేరును మరుగుపరచుకొన్నవాడు అతడు. బ్రెజిలు దేశమున 1995 లో చట్టమే చేసి ప్రభుత్వ పత్రములలో పాత పేరును నిషేధించిరి. నేడు ఆ రోగము మందులతో నయమగుచున్నది. తిట్టు మాత్రము నయము కాలేదు.

మేమును పాఠములలో హాన్సెన్ వ్యాధి యనియే చెప్ప నారంభించితిమి. కాని హాన్సెన్ చేసిన తప్పు నొకదానిని కూడ దాచక చెప్పితిమి. 1879 లో ఆయన ఒక రోగిణి సమ్మతి లేకయే ఆమె కంటిలో రోగపదార్థమును గ్రుచ్చెను. న్యాయస్థానము 1880 లో ఆయనను ఆసుపత్రి ఉద్యోగము నుండి తొలగించెను. ఇది వినగానే ఆ పార్కిన్‌సన్ బాలుడే మరల లేచి, "అట్లయిన రైటర్ పేరు వలె ఈ పేరును తీసివేయవలదా? తీసివేసినచో రోగులను ఏమని పిలువవలెను?" అని అడిగెను. తరగతి రెండుగా చీలినది. ఈ సంవత్సరపు వక్తృత్వ సభకు ఆ ప్రశ్ననే విషయముగా నిర్ణయించితిమి.