పాత ట్రాక్టరు చెప్పే పాఠాలు

చాలా ఏళ్ళ క్రితం మాట. మా బంధువుల పెరట్లో ఒక ట్రాక్టరు వానాకాలమంతా చింతచెట్టు పక్కన నిలిచిపోయింది. దాని పొగగొట్టం ఆకాశంలోకి నోరు తెరుచుకుని ఉంది. దసరా వెళ్ళాక నడిపిద్దామని చూస్తే ఇంజను తిరగలేదు. "బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లాగితే అదే అందుకుంటుంది" అన్నాడు పిలిపించిన మెకానిక్కు. మరో ట్రాక్టరుకు గొలుసుతో కట్టి, గేరు వేసి లాగించాడు. పది గజాలు పోయిందో లేదో, లోపల ఠప్పుమని చప్పుడయింది. ఇంజను విప్పి చూస్తే, పిస్టన్‌ను కిందనున్న క్రాంక్ షాఫ్టుకు కలిపే ఉక్కు కడ్డీ వంకరపోయి ఉంది.

అంత గట్టి కడ్డీని వంచింది ఏమిటో తెలుసా? గుప్పెడు వాన నీరు!

సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి. లోపలి గాలి అణుగుతుంది. అదే పంపును నీళ్ళతో నింపి నొక్కండి. పిడి కదలదు. డీజిలు ఇంజనులో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు సిలిండరులోని గాలిని సుమారు పదహారో వంతుకు అణచివేస్తుంది. గాలి ఉండవలసిన చోట నీరుంటే అది అణగదు. వెనుక నుంచి మరో ట్రాక్టరు బలం తోస్తూనే ఉంటుంది. ఇక వంగేది కడ్డీయే.

"వాయువులు సంపీడనం చెందుతాయి, ద్రవాలు దాదాపు చెందవు." పరీక్షలో ఇది రెండు మార్కుల జవాబు. ఆ రోజు దాని వెల ఒక ఇంజను. పాత యంత్రాన్ని బాగుచెయ్యాలంటే పానా పట్టే ముందు కారణాన్ని పట్టుకోవాలి.

బూడిదరంగు ఫెర్గూసన్

పాత ట్రాక్టర్లను తుక్కు కింద అమ్మకుండా, బాగుచేసి నడిపించుకునేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్ళు ముచ్చటపడే ట్రాక్టర్లలో ఒకటి ఫెర్గూసన్ టి.ఇ.20. దీన్ని ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1946 నుంచి 1956 వరకు తయారుచేశారు. మొత్తం 5 లక్షలకు పైగా తయారయ్యాయి. బరువు సుమారు 1,100 కిలోలు, రంగు బూడిద. డెబ్బై ఏళ్ళు దాటినా వాటిలో ఎన్నో ఇప్పటికీ నడుస్తున్నాయి.

దీని వెనుక ఒక ప్రాణాపాయం కథ ఉంది. హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఐర్లండులోని డౌన్ కౌంటీలో రైతు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ట్రాక్టర్లతో దున్నకాన్ని మెరుగుపరచే పని ఆయనకు అప్పగించారు. ఆ రోజుల్లో ట్రాక్టరు వెనుక నాగలిని బండిలాగా తగిలించి ఈడ్చేవారు. నాగటి కర్రు నేలలోని రాయికి తగులుకుంటే నాగలి ఆగిపోయేది. వెనుక చక్రాలు కదలలేవు, ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటుంది. అప్పుడేమవుతుంది? చక్రం తిరగలేకపోతే ట్రాక్టరే వెనుక ఇరుసు చుట్టూ తిరుగుతుంది! ముందు చక్రాలు గాలిలోకి లేచి, ట్రాక్టరు వెల్లకిలా డ్రైవరు మీద పడేది. ఇదంతా జరగడానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

ఫెర్గూసన్ నాగలిని ట్రాక్టరులో ఒక అవయవంగా మార్చాడు. కింద రెండు చేతులు, పైన ఒకటి, మొత్తం మూడు చోట్ల నాగలిని బిగించాడు. కింది చేతులు నాగలిని లాగుతాయి. నేల కర్రును అడ్డుకుంటుంది కనుక నాగలి ముందుకు తిరగబడబోతుంది. ఆ ఊపు పైచేతి ద్వారా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. అందుచేత ట్రాక్టరు ముక్కు నేలకు అణిగి ఉంటుంది. ట్రాక్టరును వెనక్కి పడదోసే నేల నిరోధాన్నే దాన్ని నిలబెట్టే బలంగా ఆయన వాడుకున్నాడు. నాగలిని ఎత్తడానికి, దింపడానికి పాస్కల్ సూత్రం మీద పనిచేసే చమురు పంపును అమర్చాడు.

1938లో ఫెర్గూసన్ అమెరికాకు చెందిన హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి, కాగితం మీద సంతకం లేకుండానే ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆ పొత్తు చెడి కోర్టుకెక్కింది. 1953లో ఫెర్గూసన్ సంస్థ కెనడాకు చెందిన మాస్సీ హ్యారిస్‌తో కలిసిపోయింది. మద్రాసులో 1960లో మొదలైన టాఫే సంస్థ మనదేశంలో మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. మన రైతులు "మాస్సీ" అని పిలిచే ఎర్ర ట్రాక్టరు ఈ వంశానిదే. ఏ కంపెనీ ట్రాక్టరయినా సరే, ఈసారి వెనుకకు వెళ్ళి చూడండి. ఆ మూడు చేతులు కనిపిస్తాయి.

ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది కూడా ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే. మంచులో కూరుకుపోకుండా చక్రాలకు పట్టాలు తొడిగారు.

బిగుసుకున్న ఇంజను

ఏళ్ళ తరబడి ఆగిపోయిన ట్రాక్టరు మీ ముందుందనుకోండి. మొదట చెయ్యవలసింది చూడడం. ఇంజను ఆయిలు కొలిచే పుల్లను తీసి చూడాలి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీరు చేరిందన్నమాట. రేడియేటరు నీళ్ళ మీద జిడ్డు తేలుతుంటే ఆయిలు నీటిలోకి వస్తోందని అర్థం.

తర్వాత పెట్రోలు ఇంజనయితే స్పార్కు ప్లగ్గులు, డీజిలుదయితే ఇంజెక్టర్లు ఊడదీయాలి. అప్పుడు లోపల నీరున్నా బయటికి పోవడానికి దారి ఉంటుంది. ఆ రంధ్రాల్లోంచి డీజిలు, ఇంజను ఆయిలు కలిపి కొద్దిగా పోసి, కొన్ని రోజులు ఆగాలి. దీపం వత్తిలో నూనె పైకి పాకినట్లే, కేశనాళికీయత వల్ల ఆ చమురు పిస్టన్‌కు సిలిండరు గోడకు మధ్యనున్న సన్నని సందులోకి పాకుతుంది. ఆ తర్వాత చేత్తో ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పాలి. వెంట్రుకవాసి కదిలినా సగం పని అయినట్లే.

టి.ఇ.20ని తయారుచేసినవారు బాగుచేసేవాళ్ళ మీద దయ చూపారు. దాని సిలిండర్లు ఇంజను దిమ్మెలో తొలిచినవి కావు. విడిగా తొడిగిన ఇనుప గొట్టాలు. వాటి చుట్టూ చల్లబరచే నీరు తిరుగుతుంది. గొట్టం అరిగినా, తుప్పు తిన్నా దాన్ని లాగేసి కొత్తది దించవచ్చు. మరమ్మతుకు లొంగేలా తయారుచెయ్యడమే దాని దీర్ఘాయువుకు ఒక కారణం.

మొండి బోల్టు - పొడవాటి పైపు

తుప్పు పట్టిన బోల్టు రాకపోతే పానాకు పైపు తొడిగి లాగడం చాలామందికి అలవాటు. పావు మీటరు పానా చివర 200 న్యూటన్ల బలం వేస్తే బలభ్రామకం 50 న్యూటన్ మీటర్లు. పైపు తొడిగి పొడవును 1 మీటరు చేస్తే అదే బలానికి 200 న్యూటన్ మీటర్లు. బోల్టు రావచ్చు, లేదా తల తెగి మొండెం లోపలే ఉండిపోవచ్చు.

ఉష్ణ వ్యాకోచం ఇంతకంటె మంచి సాయం చేస్తుంది. ఇనుము ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో 0.000012 వంతు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రమున్న నట్టును 300 డిగ్రీలు వేడిచేస్తే ఆ రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటరు పెద్దదవుతుంది. చూడడానికి ఏమీ లేనట్లే ఉంటుంది కాని, తుప్పు పట్టు పగలడానికి అది చాలు. ఇంధనపు ట్యాంకు దగ్గర మాత్రం మంట పనికిరాదు.

చేసి చూడండి

తుప్పు పట్టిన చిన్న సామానును విద్యుద్విశ్లేషణతో శుభ్రం చేయవచ్చు. మీ సైన్సు మాస్టారి ఎదుట, గాలి బాగా తగిలే చోట ఇది చెయ్యండి.

ప్లాస్టిక్ బకెట్టులో 10 లీటర్ల నీళ్ళు పోసి, నాలుగైదు చెంచాల బట్టల సోడా కలపండి. తుప్పు పట్టిన సామానును 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువానికి, పనికిరాని ఇనుపరేకును ధనధ్రువానికి కలిపి, రెండూ తాకకుండా నీటిలో దించండి. ఆ తర్వాతే స్విచ్చి వెయ్యండి. తుప్పు సామాను మీద హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. కొంత తుప్పు నల్లని ఆక్సైడుగా మారుతుంది. మిగిలింది వదులై బ్రష్షుతో తోమితే వచ్చేస్తుంది. స్విచ్చి తీశాకే చెయ్యి పెట్టండి.

రెండు హెచ్చరికలు. హైడ్రోజన్ మండే వాయువు కనుక దగ్గర్లో దీపం, అగ్గిపుల్ల ఉండరాదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు, పళ్ళేలు కట్టవద్దు. అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీటిలో కలుస్తుంది.

మెరుపు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?

ఇంజను లేచాక అందరికీ రంగు మీదికి మనసు పోతుంది. కాని ముందు చూడవలసినవి బ్రేకులు, స్టీరింగు. పాత బ్రేకు పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో గాని పంపుతో గాని ఊదరాదు. పీలిస్తే ఊపిరితిత్తులకు తీరని హాని. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక గరుకు కాగితంతో పొడిగా గీకరాదు.

పాత ట్రాక్టర్లలో డ్రైవరు తల మీదుగా రక్షణ చట్రం ఉండదు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. "అసలు రూపం చెడుతుంది" అని కొందరు పాత బండికి చట్రం బిగించరు. ప్రదర్శనలో నిలబెట్టే బండికి ఆ మాట చెల్లుతుందేమో. పొలంలో పనిచేసే బండికి మాత్రం చట్రం, సీటు బెల్టు ఉండాలనే నా అభిప్రాయం. అలాగే దుంగలు, కూరుకుపోయిన బళ్ళు లాగవలసివస్తే గొలుసును కిందనున్న లాగుడు కడ్డీకే కట్టాలి. వెనుక ఇరుసుకో, పైచేయి బిగించే చోటుకో కడితే ఫెర్గూసన్ తప్పించిన ప్రమాదాన్ని మనమే తిరిగి పిలిచినట్లవుతుంది.

బాగుచేసిన బండిని ఊరికే నిలిపి ఉంచితే మళ్ళీ పాడవుతుంది. అప్పుడప్పుడు నడిపించాలి. అయిదు నిమిషాలు తిప్పి ఆపితే లోపల చేరిన నీటి ఆవిరి బయటికి పోక అక్కడే నీరవుతుంది. బాగా వేడెక్కేదాకా నడపాలి. కీళ్ళకు గ్రీజు పెట్టాలి, ఆయిలు మార్చాలి.

ఈ పనుల్లో మీ వంతు ఏమిటి? ట్రాక్టరు నడపడం పెద్దల పని. విప్పిన ప్రతి భాగాన్నీ బొమ్మ గీసి, దేని బోల్టులు దాని డబ్బాలో వేసి, డబ్బా మీద పేరు రాయడం మీరు చెయ్యగల పని. ఆ నోటుపుస్తకం లేక సగం విప్పి వదిలేసిన ఇంజన్లు ఎన్నో తుక్కు కొట్లకు చేరుతున్నాయి.

మరొక పని కూడా ఉంది. మీ ఇంట గాని పక్కింట గాని ఆరుబయట నిలిపిన ట్రాక్టరు పొగగొట్టం పైకి తెరిచి ఉంటే, ఇంజను చల్లారాక దానిమీద ఒక ఖాళీ డబ్బా బోర్లించమని పెద్దలతో చెప్పండి. నడిపే ముందు తీయడం మరవవద్దనీ చెప్పండి. మా బంధువుల ఇంట ఆ వానాకాలంలో లేనిది అదొక్కటే.