పిల్లల హోంవర్కుకు ఇంట్లో ఒక మూల

"డాక్టరుగారూ! మా వాడు పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోడండీ. కూర్చున్నా తలనొప్పి, మెడనొప్పి అంటాడు. బలానికి టానిక్కేదైనా రాసివ్వండి" అని అడిగే తల్లులు చాలామంది. ఇలాంటి పిల్లలలో ఎక్కువమందికి కావలసింది టానిక్కు కాదు. వాళ్ళు ఇంట్లో ఎక్కడ కూర్చుని, ఏ వెలుతురులో, ఎలా వంగి రాస్తున్నారో ముందు చూడాలి.

కార్వాన్ వంటి పాతబస్తీ పేటలలో ఒకటి రెండు గదుల ఇళ్ళే ఎక్కువ. వంట, పడక, టీవీ, కుట్టుమిషను అన్నీ అక్కడే. గోడకు గోడ ఆనుకుని ఉండటంవల్ల పట్టపగలు కూడా లైటు వేసుకోవలసిన ఇళ్ళున్నాయి. "మాకే చోటు లేదు, పిల్లలకు చదువుకునే గది ఎక్కడినుంచి తెస్తాం?" అంటారు. గది అక్కరలేదు. మూడడుగుల చోటు, సరైన దీపం, రోజూ ఒకే వేళ ఉంటే చాలు.

వెలుతురు

చాలా ఇళ్ళలో ట్యూబులైటు ఒక గోడకు ఉంటుంది. పిల్లవాడు దానికి వీపు పెట్టి కూర్చుంటే తన తల నీడ తన పుస్తకం మీదే పడుతుంది. కుడిచేత్తో రాసేవారికి వెలుతురు ఎడమవైపునుంచి, ఎడమచేత్తో రాసేవారికి కుడివైపునుంచి రావాలి. ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తారు కదా అని కొందరు అడుగుతారు. లిపి ఏదైనా సూత్రం మారదు. నీడ పడేది రాసే చేతిది.

పగలైతే కిటికీ పక్కన, లేకపోతే గుమ్మం పక్కన కూర్చోబెట్టండి. రాత్రి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒకటి పుస్తకానికి దగ్గరగా, కంటిలోకి సూటిగా కొట్టకుండా అమర్చండి. గదిలో మరో లైటు కూడా వెలగాలి. చీకటి గదిలో పుస్తకం ఒక్కటే వెలుగుతుంటే కళ్ళు త్వరగా అలసిపోతాయి. ఆ మూల గోడకు తెల్లసున్నం వేస్తే ఉన్న వెలుతురే పెరుగుతుంది.

కూర్చునే తీరు

కార్వాన్‌కు ఆ పేరు బిడారుల వల్ల వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు, సాహుకార్లు మసలిన పేట ఇది. 1671లో కట్టిన తోలీ మసీదు ఆ వైభవానికి సాక్షిగా నేటికీ నిలిచి ఉంది. పాతకాలపు షావుకారు దుకాణాలలో గుమాస్తాలు పరుపుమీద బాసీపట్టు వేసుకుని, ముందున్న వాలు డెస్కుమీద చిట్టా ఆవర్జాలు రాసేవారు. ఆ వాలులో ఆరోగ్య సూత్రం ఉంది. కాగితం కంటివైపు లేస్తుంది కాబట్టి మెడ కాగితం వైపు వంగనక్కరలేదు.

ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు ఇటుకలకు గుడ్డ చుట్టి వాటిమీద నున్నటి పలక పెట్టండి. అవతలి అంచు కింద నాలుగు వేళ్ళ ఎత్తున మరేదైనా ఆనించండి. పుస్తకం జారకుండా ఇవతలి అంచుకు సన్నని బద్ద కొట్టించండి. పిల్లవాడు కింద కూర్చుని మోచేతులు మడిస్తే, మోచేయి ఉన్న ఎత్తులోనే పలక ఉండాలి. కుర్చీ, బల్ల ఉన్నవారికీ ఇదే కొలత. పాదాలు నేలకు అందకపోతే కింద ఒక పీట వెయ్యండి.

కంటికీ పుస్తకానికీ మధ్య సుమారు అడుగు దూరం ఉండాలి. మోచేయి బల్లకు ఆనించి పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే ఆ దూరం తెలుస్తుంది. బోర్లా పడుకుని రాయనివ్వకండి.

వేళ, విశ్రాంతి

హోంవర్కు వేళ టీవీ ఆపడం పెద్దల వంతు. పిల్లవాణ్ణి గోడకు తిప్పి కూర్చోబెట్టి, వెనక సీరియల్ చూస్తే వాడి మనసు వెనకే ఉంటుంది. కొన్ని బడులు హోంవర్కును వాట్సాప్‌లో పంపుతున్నాయి. దాన్ని ఒక కాగితంమీద రాసిచ్చి ఫోను పక్కన పెట్టెయ్యండి.

ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి గుమ్మం బయట దూరంగా ఉన్నదేదైనా కాసేపు చూడమనండి. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగుల విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కు ఉండకూడదు. 3 నుంచి 5 వరకు వారానికి 2 గంటలు, 6 నుంచి 8 వరకు రోజుకు గంట మించకూడదు. రాత్రి పదకొండు దాకా కూర్చోబెడితే చదువూ రాదు, నిద్రా ఉండదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర అవసరం.

బడినుంచి రాగానే పుస్తకం పట్టించకండి. వెలుగుండగానే ఆడుకోనివ్వండి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడులలో జరిగిన పరిశీలన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లలలో మూడేళ్ళలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మిగతా బడులలో నూటికి 40 మందికి వచ్చింది. ఆరుబయటి వెలుతురు ఏ బల్బూ ఇవ్వలేని రక్షణ.

అప్పుడూ వంగితే

ఇవన్నీ అమర్చాక కూడా పిల్ల పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంటే, కళ్ళు చికిలిస్తే, బోర్డుమీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటే కంటి పరీక్ష చేయించాలి. పదేళ్ళ అమ్మాయి ఒకతెను తండ్రి నా దగ్గరకు తీసుకువచ్చాడు. వాయిదాలమీద చదువు బల్ల కొన్నాడు. అయినా పిల్ల వంగే రాస్తోంది. మార్కులు తగ్గాయి, మొద్దు అని ఇంట్లో తిట్లు. పరీక్షిస్తే దూరపు చూపు బాగా తక్కువ. కళ్ళజోడు పెట్టించమంటే, "ఆడపిల్ల కదండీ, రేపు సంబంధాలెలా వస్తాయి?" అన్నాడు. చదువు పోతే వచ్చే నష్టం చెప్పి ఒప్పించవలసివచ్చింది. జోడు పెట్టుకున్నాక ఆ పిల్ల లెక్కలు తప్పులేకుండా ఎక్కించుకుంటోంది.

కళ్ళజోడు పెడితే చూపు ఇంకా తగ్గుతుందనేది అపోహ. క్యారెట్లు ఆరోగ్యానికి మంచివే కాని, జోడు అవసరాన్ని తప్పించలేవు. కార్వాన్ వారికి మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఎంతో దూరం కాదు. 2018లోనూ, 2023లోనూ జరిగిన కంటివెలుగు శిబిరాలలో పెద్దలు జోళ్ళు తీసుకున్న ఇళ్ళలో కూడా పిల్లల కళ్ళు చూపించనివారున్నారు. బడిలో చేరేముందు ఒకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి చూపించడం మంచిది.

ఈ రాత్రి మీ పిల్లలు హోంవర్కు రాసేటప్పుడు రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. నీడ ఎటు పడుతోంది? మెడ ఎంత వంగుతోంది? పుస్తకం ఎంత దూరంలో ఉంది? ఈ మూడూ చూశాకే, చదవడంలేదని పిల్లల్ని కోప్పడాలో లేదో ఆలోచించండి.