కథకుడు లేని పటం
బొమ్మల కథల పుస్తకాన్ని ఇంటివద్దనే రూపొందించుట ఎలా?

సూరత్ నగరంతో తెలుగువారి అనుబంధం మగ్గంతో ముడిపడినది. తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఇక్కడి మరమగ్గాలను నమ్ముకొని దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. పాండేసరా, భేస్తాన్‌ల చేరువలోని వడోద్ వంటి చోట్ల పెరిగే తెలుగు బిడ్డకు వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ, ఇంట్లో తెలుగు వినిపిస్తాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతున్నది. అయినను తెలుగు మాట్లాడగలిగి, చదవబోతే తడబడే పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. బదిలీలపై రాష్ట్రాలు దాటి వచ్చే ఉద్యోగుల కుటుంబాలకూ ఇది అనుభవమే. అట్టి పిల్లలను అక్షరానికి చేరువ చేసే సాధనాలలో బొమ్మల కథ ఒకటి.

మన పటం కథలు

కామిక్ పుస్తకం పరదేశపు వస్తువని తలచనక్కరలేదు. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరాలుగా పటాలు రచిస్తున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆరిన పిమ్మట ఎర్రని నేపథ్యంపై బొమ్మలు వేస్తారు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన పొడవు గల పటాలున్నాయి. కథ అంతా వరుస గళ్ళుగా విభజింపబడి, గడికీ గడికీ నడుమ పూల అంచు ఉంటుంది. పద్మశాలీల కులపురాణమైన మార్కండేయ పురాణాన్ని కూనపులివారు ఇట్టి పటం చూపుతూ గానం చేసేవారు.

పటంలో మాటలుండవు. మాటలు కథకుని నోట ఉంటాయి. ఏ బొమ్మ ముందో, ఏది తరువాతో, ఎక్కడ ఆగాలో అతడే చెబుతాడు. బొమ్మల పుస్తకం కథకుడు లేని పటం. అతడు చేసే పని యావత్తూ పుటయే చేయవలసి ఉంటుంది. ఈ విద్యకు మూలసూత్రం ఇదే.

జెనీవా నగరపు ఉపాధ్యాయుడు రొడాల్ఫ్ తోప్ఫర్ తన విద్యార్థుల వినోదానికై గీసిన గళ్ళ కథలు 1830ల నుండి అచ్చయి, ఈ ప్రక్రియకు ఆద్యములుగా పేరుపొందాయి. కంటి లోపం వలన ఆయన చిత్రకారుడు కాలేకపోయాడు! మన దేశంలో అనంత్ పాయ్ 1967లో అమర చిత్ర కథకు శ్రీకారం చుట్టారు. 1947 జూలైలో మద్రాసు నుండి వెలువడిన చందమామ, బొమ్మతో కలిపి కథ చదివే అలవాటును తెలుగు పిల్లలకు అంతకు ముందే నేర్పింది.

గళ్ళుగా విభజించుట

ముందుగా కథను నాలుగు వాక్యాలలో వ్రాసుకోవాలి. పిదప ఏ క్షణాలను గీయాలో, వేటిని విడిచిపెట్టాలో నిర్ణయించాలి. ఉదాహరణకు, మార్కండేయుని యజ్ఞం నుండి జన్మించిన భావనారుషి తామరనూలుతో దేవతలకు వస్త్రం నేసిన గాథను తీసుకుందాం. మొదటి గడిలో యజ్ఞకుండం ముందు మార్కండేయుడు. రెండవ దానిలో జ్వాలల నుండి వెలువడే భావనారుషి. మూడవ దానిలో తామరతూడును విరిచే రెండు చేతులు మాత్రమే. నాలుగవ దానిలో మగ్గంపై సగం నేసిన వస్త్రం. ఐదవ దానిలో దేవతల చేతికి అందిన పూర్తి వస్త్రం. నాలుగు, ఐదు గళ్ళ నడుమ మిగిలిన సగాన్ని నేసినది ఎవరు? పాఠకుడే! గళ్ళ మధ్య విడిచిన ఖాళీలోనే కాలం గడుస్తుంది.

పుటల అమరిక

రెండు ఎ4 కాగితాలను ఒకదానిపై ఒకటి ఉంచి మధ్యకు మడిస్తే 8 పుటల పుస్తకం సిద్ధమవుతుంది. ముందు వెనుక అట్టలు పోగా 6 పుటలు మిగులుతాయి. పుటకు 5 గళ్ళ చొప్పున 30 బొమ్మలు సరిపోతాయి. మడిచిన తరువాతనే పుటలకు అంకెలు వేసుకోవాలి. లేనిచో ఒకే కాగితంపై 1, 8 పుటలు పక్కపక్కన వస్తాయన్న సంగతి మరచి వరుస తప్పే ప్రమాదం ఉంది. కుడివైపు వచ్చే 3, 5 పుటల చివరి గడిలో ఒక సందేహాన్ని నిలిపితే పాఠకుని చేయి తనంతట తానే పుట తిప్పుతుంది.

మాటలు, గీతలు

బొమ్మ కంటే ముందు మాటలకు చోటు కేటాయించాలి. తెలుగు లిపిలో గుడులు పైకి, వత్తులు క్రిందికి సాగుతాయి కనుక పంక్తుల నడుమ ఎడం ఎక్కువగా ఉండాలి. ఈ నియమం పాటించకుంటే వత్తులు క్రింది పంక్తిలో చిక్కుకొని, చదవడం నేర్చుకునే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ముందు మాట్లాడే వ్యక్తిని ఎడమవైపున నిలపాలి. ఒక బుడగలో ఒకటి రెండు చిన్న వాక్యాలు చాలు. బొమ్మ చెప్పిన సంగతిని మాట తిరిగి చెప్పరాదు.

పాత్రలను ముందే వేరొక కాగితంపై ఎదురుగా, పక్కనుండి గీసి ఉంచుకుంటే తలపాగా, మీసం, చీర అంచు ప్రతి గడిలోనూ ఒకే తీరుగా నిలుస్తాయి. పెన్సిలుతో గీసి, నల్లసిరాతో దిద్ది, ఆరిన పిమ్మట పెన్సిలు గీతలు చెరపాలి. రంగులు చివరి పని. జెరాక్సు తీయదలచినచో నలుపు తెలుపులే మేలు.

కథకై దూరం వెళ్ళనక్కరలేదు. తాతగారు మొదటిసారి సూరత్ స్టేషనులో రైలు దిగిన రోజు, అమ్మమ్మ చెప్పే ఊరి చెరువు ముచ్చట, మగ్గాల షెడ్డులో తొలి జీతం, ఏదైనా తగినదే. పెద్దలు చెప్పగా పిల్లలు గీయాలి. బుడగలలోని తెలుగును మాత్రం పిల్లలచేతనే వ్రాయించాలి. అక్షరాలు వంకరపోయినా దిద్దవద్దు. తన ఇంటి కథను తానే వ్రాసిన పుస్తకాన్ని బిడ్డ పదిసార్లు చదువుకుంటుంది. కథకుడు దూరమైన ఇంట ఆ పుస్తకమే కథ చెబుతుంది.