ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్ పేరు ఎలా దొరికిపోయింది?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరవగానే మన కుకీలు, హిస్టరీ, పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి ఒక ఫోల్డర్ పెట్టుకునేది. దాని పేరులో ఇంగ్లిష్ చిన్న అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఎనిమిది గుర్తులు ఉండేవి. వాటిని పట్టేయవచ్చని 2014లో ఐబీఎం పరిశోధకులు చూపించారు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-1516గా నమోదైనది అదే.

ఒక యాప్ ఫైళ్లను ఇంకో యాప్ చదవలేదు కదా, పేరు తెలిస్తే మాత్రం ఏమిటి?

చదవలేదు, నిజమే. కానీ ఫైర్‌ఫాక్స్ తన ఫైళ్లు తాను చదువుకోగలదు. దొంగ యాప్ ‘ఫలానా చోట ఉన్న ఫైలు తెరువు’ అని దానికే పురమాయిస్తుంది. ఆ తర్వాత వేరే లోపాల సాయంతో సమాచారాన్ని బయటికి లాగుతుంది. ఆ ఫైలు దారిలో మిగతాదంతా అందరికీ తెలిసిందే. గుట్టు ఆ ఎనిమిది గుర్తులదే.

36 గుర్తులు, ఎనిమిది స్థానాలు అంటే 2.8 లక్షల కోట్ల పేర్లు. అన్నీ ప్రయత్నించి చూడటం ఎలా?

అన్నీ చూడనక్కర్లేదు. ఆ గుర్తులను ఎంచింది జావా భాషలోని మ్యాథ్.రాండమ్ అనే ఫంక్షన్. అది పాచికలు వేయదు, లెక్క కడుతుంది. సీడ్ అనే ఒక తొలి సంఖ్య తీసుకుని మిగతావన్నీ దాన్నుంచే పుట్టిస్తుంది. పుట్టిన ఘడియ, చోటు చెబితే ఒకే పంచాంగంతో ఏ సిద్ధాంతి గుణించినా ఒకే రాశిచక్రం వచ్చినట్టు, సీడ్ తెలిస్తే ఎవరు కట్టినా అవే ఎనిమిది గుర్తులు వస్తాయి.

ఆనాటి ఆండ్రాయిడ్‌లో ఆ సీడ్ ఎక్కడిది? గడియారంలోని మిల్లీసెకన్లకు, మెమరీ చిరునామా నుంచి వచ్చే ఒక సంఖ్యను కలిపేవారు. అసలు పొరపాటు ఆ ‘కలపడం’లోనే ఉందని నాకనిపిస్తుంది. కూడితే అవకాశాల సంఖ్యలు గుణించుకోవు, రెండు పరిధులూ పక్కపక్కన చేరతాయంతే. యాప్ ఎప్పుడు ఇన్‌స్టాల్ అయిందో అప్పట్లో ఫోన్‌లోని మరే యాప్‌కైనా తెలిసేది, చాలాసార్లు మొదటి వాడకం ఆ వెంటనే జరుగుతుంది. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు. చిరునామా సంఖ్య 32 బిట్లు మించదు. కాబట్టి ఎంత ఉదారంగా లెక్కేసినా మొత్తం 430 కోట్లు. నిజానికి చిరునామాలు అంత విశాలంగానూ తిరగవు.

మరి ప్రోగ్రామర్లు మ్యాథ్.రాండమ్‌ను ఎందుకు వాడారు? చేతికి అందుబాటులో ఉంది కనుక. ఆటలకు, పేక కలపడానికి అది బాగానే పనికొస్తుంది. ఫలితం చూస్తే ఎవరికీ అనుమానం రాదు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌దీ ఇదే జబ్బు: గడియారం, ప్రాసెస్ నంబర్లు పట్టుకుని ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ దాని రహస్య తాళాలను లెక్కగట్టేశారు.

రహస్యాలకు వాడాల్సింది జావాలోనే ఉన్న సెక్యూర్‌రాండమ్. బయటివారికి తెలియని మూలాల నుంచి అది సీడ్ తీసుకోవాలి. అదీ ఆండ్రాయిడ్‌లో సరిగా చేయడం లేదని 2013 ఆగస్టులో బయటపడింది. బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌లు లావాదేవీలపై సంతకానికి దాన్నే వాడేవి. ఒకే కీతో, ఒకే యాదృచ్ఛిక సంఖ్యతో రెండు సంతకాలు పడితే చాలు, వాటిని పక్కపక్కన పెట్టి ఆ ప్రైవేట్ కీ రాబట్టవచ్చు. సొమ్ము పోయింది కూడా. వాలెట్ యాప్‌లు కొత్త వెర్షన్లు తెచ్చి, మిగిలిన సొమ్మును కొత్త చిరునామాలకు మార్చుకోమన్నాయి.