మీకు తెలుసా? పాత సానయంత్రం వయసు మోటారు చెప్పదు

ఉలికీ రంపానికీ పదును పెట్టిన పాత యంత్రాన్ని గుర్తించాలంటే దాని రంగూ మోటారూ కాదు, పని చేసే తీరు చూడాలి. అమెరికాలో ఆలివర్, మమ్మర్ట్-డిక్సన్ సంస్థలు చేసిన సానయంత్రాల్లో రాతిచక్రానికి నూనె అందుతూ ఉంటుంది. ఉక్కు వేడెక్కి మెత్తబడకుండా చూసే ఏర్పాటు అది. శంకువు ఆకారపు రాయి వంపు ఉలి లోపలి అంచు కోసం, తోలుచక్రం చివరి మెరుగు కోసం. మిన్నియాపొలిస్‌కు చెందిన ఫోలీ రంపపు యంత్రంలో రాయే కనిపించదు: ఆకురాయి ముందుకూ వెనక్కూ ఆడుతుంటే, రంపం ఒక్కో పన్ను చొప్పున జరుగుతుంది.

పేటెంటు అంకె ఉండగా ఇంత పరిశీలన ఎందుకని అడగవచ్చు. ఆ అంకె విలువైనదే, కానీ అది చెప్పేది కింది హద్దు మాత్రమే. అమెరికా పేటెంట్ల వరుస 1911లో 10 లక్షలకు, 1935లో 20 లక్షలకు చేరింది. కనుక 20 లక్షలు దాటిన అంకె ఉన్న భాగం 1935కు ముందుది కాదు. ఎంత తర్వాతిదో మాత్రం తేలదు, ఒకే నమూనాను ఏళ్ల తరబడి పోతపోసేవారు. మోటారు మీది తేదీ ఇంకా బలహీనం. పొడవాటి షాఫ్టు నుంచి బెల్టుతో తిరిగిన యంత్రాలకు తర్వాతి రోజుల్లో మోటార్లు బిగించడం మామూలే; వెడల్పాటి చదును పుల్లీ ఇంకా మిగిలి ఉంటే, మోటారు కంటే దాని మాటే నమ్మాలి.