మీకు తెలుసా? నియంత బడికి ప్రపంచ బ్యాంకు అప్పు

పదేళ్లకే ఎంట్రన్స్ పరీక్ష! జనరల్ ఫ్రాంకో ఏలుబడిలో స్పెయిన్ పిల్లల తలరాత తేలేది అక్కడే. ఒక డిక్టేషను, ఒక పెద్ద భాగహారం, కొన్ని ప్రశ్నలు. గట్టెక్కినవాడు హైస్కూలు దారి పట్టేవాడు, ఆ దారిలోనే ముందుకు యూనివర్సిటీ. తప్పినవాడూ, అసలు రాయనివాడూ మామూలు బడిలోనే చదువు ముగించేవాళ్లు. క్లాసు గోడ మీద శిలువ, దాని పక్కన ఫ్రాంకో ఫొటో.

ఈ బడులను మార్చమని చెప్పింది స్పెయిన్ ప్రజలు కాదు. మొదట వాళ్లను అడిగినవాళ్లూ లేరు. సలహా బయటి నుంచి వచ్చింది.

నిజానికి బయటివాళ్లు మొదట ఫ్రాంకోను గడప తొక్కనివ్వలేదు. హిట్లర్, ముస్సోలినీల సాయంతో గద్దెనెక్కిన ప్రభుత్వమని, 1946లో ఐక్యరాజ్యసమితి తన అనుబంధ సంస్థలన్నిటికీ స్పెయిన్‌ను దూరంగా ఉంచాలని తీర్మానించింది. నాలుగేళ్లు తిరగకుండానే ఆ తీర్మానం నీరుగారింది. అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్నయుద్ధం ముదిరాక, కమ్యూనిస్టులకు శత్రువైతే చాలు, మిగతా లెక్కలు తర్వాత చూసుకోవచ్చు అన్నట్టు తయారైంది లోకం. 1952లో యునెస్కో స్పెయిన్‌ను చేర్చుకుంది. చదువు, సంస్కృతి పేరు పెట్టుకున్న సంస్థలో పుస్తకాలకు సెన్సారు విధించే ప్రభుత్వానికి కుర్చీ వేశారన్నమాట! ఫ్రెంచి రచయిత అల్బేర్ కామూ దీన్ని సహించలేక యునెస్కోతో తెగతెంపులు చేసుకున్నాడు. ఆ తర్వాత 1955లో ఐక్యరాజ్యసమితి, 1958లో ప్రపంచ బ్యాంకు... తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

అరవైల్లో ఓఈసీడీ అనే సంపన్న దేశాల కూటమి మధ్యధరా ప్రాంతంలో ఒక పథకం నడిపింది. 1975 నాటికి ఏ దేశానికి ఎందరు ఇంజినీర్లు, ఎందరు టెక్నీషియన్లు కావాలి, అందుకు ఇప్పుడు ఎందరిని బడిలో వేయాలి అని లెక్క కట్టడం దాని పని. ఆ బల్ల చుట్టూ ఆరు దేశాలు. స్పెయిన్‌లో ఫ్రాంకో, పోర్చుగల్‌లో సలాజార్, యుగోస్లావియాలో టీటో... ఇటలీ, గ్రీసు, టర్కీలతో కలిసి అందరూ ఒకే ఫారం నింపారు. పాలించేది ఎవరు, ఎలా అన్న గడి ఆ ఫారంలో లేదు. నాకు ఈ కథ మొత్తంలో అసలు కిటుకు ఇక్కడే ఉందనిపిస్తుంది. చదువును మనుషుల హక్కుగా చూస్తే నియంతతో కూర్చోవడం కష్టం. ఫ్యాక్టరీకి కావలసిన సరుకుగా చూస్తే ఎవరితోనైనా కూర్చోవచ్చు. తమాషా ఏమిటంటే, లెక్క గడువు పెట్టిన ఆ 1975లోనే ఫ్రాంకో కన్నుమూశాడు. ఆ సంగతి మాత్రం ఏ అంచనాలోనూ లేదు.

ఇక 1969 ఫిబ్రవరి. స్పెయిన్ విద్యాశాఖ ఒక శ్వేతపత్రం అచ్చువేసింది. మన దగ్గర శ్వేతపత్రం అంటే దిగిపోయిన ప్రభుత్వం గుట్టు విప్పడానికి కొత్త ప్రభుత్వం వేసేది. ఇక్కడ ముప్పై ఏళ్లుగా గద్దె మీదున్నది అదే ప్రభుత్వం, విప్పిన గుట్టూ దానిదే. దీని వెనక మంత్రి విల్యార్ పలాసీతోపాటు, అంతకుముందు యునెస్కోలోనూ ప్రపంచ బ్యాంకులోనూ పనిచేసి వచ్చిన రికార్డో దీయెజ్ హోక్లైట్నర్ ఉన్నాడు. అందులో ఒక లెక్క చూడండి. 1951లో ఒకటో తరగతిలో చేరిన ప్రతి 100 మందిలో హైస్కూలు గడప తొక్కింది 27 మంది. దాని మొదటి మెట్టు పరీక్ష పాసైంది 18, పై మెట్టు 10, యూనివర్సిటీ ముందు ఏడాది దాటింది 5. చివరికి 1967లో డిగ్రీ చేతికొచ్చింది ముగ్గురికి.

ఇంత నిజాయితీగా రాసిన పుస్తకం బయటికొచ్చిన రోజుల్లోనే దేశమంతటా అత్యవసర పరిస్థితి అమల్లో ఉంది. విద్యార్థుల ఆందోళనలను అణచడానికి జనవరి 24న విధించారు, మార్చిలో గాని ఎత్తలేదు. ఒక చేత్తో విద్యాసంస్కరణ మీద అభిప్రాయాలు చెప్పమన్నారు, రెండో చేత్తో లాఠీ పట్టుకున్నారు.

1970లో ప్రపంచ బ్యాంకు స్పెయిన్ చదువులకు 1.2 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అదే ఏడాది ఆగస్టు 4న కొత్త విద్యాచట్టం వచ్చింది. దాంతో 1857 నాటి పాత చట్టానికి కాలం చెల్లింది, పదేళ్ల పిల్లల ఎంట్రన్స్ పరీక్ష పోయింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా అందరికీ ఒకే బడి, ఉచితంగా, నిర్బంధంగా. స్పానిష్ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని 'ఈజీబీ' అంటారు. ఉచితం అని రాసినంత తేలిగ్గా ఖజానాలోకి డబ్బు రాలేదనుకోండి. అందుకు కావలసిన పన్నుల సంస్కరణ ఫ్రాంకో బతికుండగా కాలేదు.

ఆ చట్టంలో ఇంకో చిన్న మాట దూరింది: పిల్లల సొంత భాషను బడిలో నేర్పవచ్చని. కాటలాన్, బాస్క్ భాషలను దశాబ్దాలపాటు తరగతి గది బయట నిలబెట్టిన ప్రభుత్వం చట్టంలో రాసుకున్న మాట అది. కాటలాన్, బాస్క్ అన్న పేర్లు ఎత్తలేదు, 'మాతృభాష' అని సరిపెట్టారు.

ఈజీబీ ఫ్రాంకో తర్వాత కూడా ఇరవై ఏళ్లదాకా బతికింది. ఇప్పుడు స్పెయిన్‌లో నడివయసు దాటినవాళ్లు నలుగురు కలిస్తే 'మాది ఈజీబీ తరం' అని మురిసిపోతూ పాత పెన్సిల్ డబ్బాల గురించి, టీవీ కార్టూన్ల గురించి చెప్పుకుంటారు.