స్తంభాలుంటే చాలా? జార్జియన్ ఇంటిని గుర్తుపట్టడం ఎలా?

కోకాపేట, గచ్చిబౌలి వైపు కొన్ని విల్లాల ముందు ఎత్తైన తెల్లటి స్తంభాలు కనిపిస్తాయి. వాటిని చూసి జార్జియన్ శైలి అనేయొచ్చా? తొందరపడొద్దు. 1714 నుంచి 1830 దాకా బ్రిటన్‌ను వరుసగా నలుగురు జార్జ్ రాజులు ఏలారు. ఆ కాలపు ఇళ్ల తీరుకు వాళ్ల పేరే వచ్చింది. దాని ప్రాణం స్తంభాల్లో లేదు, కొలతల్లో ఉంది. లండన్‌లో మామూలు జార్జియన్ ఇళ్లు చాలావాటికి స్తంభాల వరుసే ఉండదు. ఇటుక గోడ, వరుస తప్పని కిటికీలు, పై అంతస్తుకొచ్చేసరికి పొట్టివైపోయే కిటికీలు, అంతే. మన దగ్గర ఆ శైలికి గొప్ప సాక్ష్యం హైటెక్ సిటీలో కాదు, కోఠిలో ఉంది. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్ కోసం శామ్యూల్ రస్సెల్ గీసిన రెసిడెన్సీ అది. దాని ముఖం మధ్యలో నిలువుగీత ఊహించుకోండి: ఎడమకు ఉన్నదే కుడికీ. వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు, ఆరు స్తంభాలు, ప్రతి స్తంభం తలపై ఆకుల గుత్తి, ఆరింటి మీదా ఒకే త్రికోణం.

రెండువైపులా సమంగా ఉండటమే గుర్తయితే 1591 నాటి చార్మినార్ సంగతేమిటని అడగొచ్చు. సరైన ప్రశ్నే. చార్మినార్ నాలుగు దిక్కులకూ ఒకేలా ముఖం చూపుతుంది. జార్జియన్ ఇల్లు ఒక్క ముఖాన్నే ఎంచుకుని మన చూపును ముఖద్వారం వైపు లాగుతుంది. పైగా స్తంభం మందానికీ ఎత్తుకీ గ్రీకు, రోమన్ గుళ్ల నుంచి వచ్చిన లెక్క ఉంటుంది. అందం కోసం తగిలించిన స్తంభానికి ఆ లెక్క పట్టదు. ఈసారి విల్లా ముందు ఆగితే స్తంభాలు వదిలేసి, కిటికీలు లెక్కపెట్టండి.